జర్మన్ క్లాసులో ఫ్లిప్డ్ పద్ధతి: సగం మంది వీడియో చూడకుండానే వస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: హనుమకొండ జర్మన్ టీచర్

నేను హనుమకొండలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో నర్సులకు జర్మన్ చెప్తాను. భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2 అని పైకి వెళ్తాయి, అందులో ఏ2, బీ1 బ్యాచ్‌లు నావి. అందరూ బీఎస్సీ నర్సింగో, జీఎన్ఎమ్మో చేసినవాళ్లే. సగం మందికి పైగా ఏదో ఒక ఆస్పత్రిలో డ్యూటీ చేస్తూనే చదువుకుంటున్నారు. నైట్ డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, తొమ్మిదిన్నర క్లాసుకు వచ్చి కూర్చునే పిల్లలు. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నర్సుగా గుర్తింపు రావాలంటే బీ2 ఉండాలి. అందుకని ఏజెంట్ల నుంచి తల్లిదండ్రుల దాకా అందరిదీ ఒకటే తొందర.

నా లెక్క ఇదీ. క్లాసు రెండు గంటలు, పిల్లలు పద్దెనిమిది మంది. గంటంబావు బోర్డు దగ్గర నేనే మాట్లాడితే మిగిలేది ముప్పావు గంట. అందులో ఒక్కొక్కరిని లేపి మాట్లాడిస్తే తలా రెండున్నర నిమిషాలు. అంత మాత్రానికే ఎవరికైనా భాష వస్తుందా? అందుకే ఫ్లిప్డ్ క్లాస్ మొదలుపెట్టాను. గ్రామర్ వివరణంతా ఏడెనిమిది నిమిషాల వీడియోలుగా, తెలుగులోనే రికార్డు చేసి ముందురోజు గ్రూపులో పెడతాను. క్లాసులో మాట్లాడించడం, రాయించడం మాత్రమే.

వీడియోలు బాగానే వచ్చాయి, నేనే చెప్పుకోకూడదు గానీ. జర్మన్‌లో ‘ఇన్’, ‘ఆన్’, ‘అవుఫ్’ లాంటి ప్రిపోజిషన్లు తొమ్మిది ఉన్నాయి, ఉన్న చోటు చెప్తే డాటివ్ విభక్తి, వెళ్లే చోటు చెప్తే అక్కుజాటివ్ విభక్తి పట్టేవి. పుస్తకంలో ఇదో పెద్ద పట్టిక. నేను మా వంటింటి గుమ్మం దగ్గర ఫోన్ పెట్టి, లోపల నిలబడి ‘వంటింట్లో ఉన్నాను’ అంటే ‘ఇన్ డేర్ క్యుషె’, బయటి నుంచి లోపలికి అడుగు వేస్తూ ‘వంటింట్లోకి వెళ్తున్నాను’ అంటే ‘ఇన్ డీ క్యుషె’ అని చూపించాను. లో, లోకి. మనకు పుట్టుకతో వచ్చిన తేడానే, ఇంగ్లిష్ మీదుగా తిప్పి చెప్పబట్టి కష్టమైపోతుంది. చూసినవాళ్లకు ఆ ఒక్క వీడియోతో పని అయిపోయింది.

చూసినవాళ్లకు మాత్రమే. సగం మంది చూడకుండా వస్తారు. రాత్రంతా ఐసీయూలో నిలబడి వచ్చిన అమ్మాయిని ‘వీడియో ఎందుకు చూడలేదు’ అని ఏ నోటితో అడగను? పోనీ అని మళ్లీ బోర్డు మీద చెప్తే, చూసి వచ్చినవాళ్లు ఫోన్లు తీస్తారు, చూడనివాళ్లకేమో ‘ఎలాగూ మేడం మళ్లీ చెప్తారులే’ అని ధైర్యం. చెప్పకుండా ముందుకు వెళ్తే సగం క్లాసు బిక్కమొహాలు. ఇంకో రకం కూడా ఉన్నారు. ‘చూశాను మేడం, అర్థం కాలేదు.’ ఏం అర్థం కాలేదమ్మా అంటే, ‘మొత్తం.’

ఇది చాలదన్నట్టు ఒకమ్మాయి వాళ్ల నాన్న ఆఫీసుకు ఫోన్ చేశారు. ‘మేడం క్లాసులో ఏం చెప్తలేరంట, పిల్లలే మాట్లాడుకుంటున్నరంట. వీడియోలు చూసేదానికి యూట్యూబ్ ఉంది కదా, మరి ఫీజు ఎందుకు?’ అని. అప్పట్నుంచి ఆఫీసులో కూడా నా వంక అదోలా చూస్తున్నారు.

పద్ధతి వదిలేయాలని లేదు. ఇలాంటి బ్యాచ్‌లతో నడిపినవాళ్లు ఉంటే చెప్పండి. చూడనివాళ్లను ఏం చేయాలి? గ్రామర్ కాకుండా ఇంటికి ఇంకేం పంపొచ్చు?


జవాబు: సుద్దముక్క (హైదరాబాద్, ఫ్రెంచ్, జర్మన్)

మేడం, అన్నిటికంటే ముందు మళ్లీ చెప్పడం ఆపేయండి. అది ఆగనంతవరకు మిగతావి ఎన్ని చేసినా దండగే.

చూడనివాళ్లకు నేను చేసేది ఇది. క్లాసు మొదలవగానే వెనక బెంచీకి పంపి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అక్కడే చూడమంటాను. తిట్టను, కారణం అడగను. మీవి ఎనిమిది నిమిషాల వీడియోలే కాబట్టి పది నిమిషాల్లో వచ్చి కలుస్తారు. ఈలోపు మిగతావాళ్లు పని మొదలుపెట్టేస్తారు. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్లకు ఇది శిక్ష కాదు, సదుపాయం. ఊరికే ఎగ్గొట్టినవాళ్లకు మాత్రం, ముందు బెంచీల్లో నవ్వులు వినిపిస్తుంటే గోడవైపు తిరిగి వీడియో చూడటం కొన్నాళ్లకే విసుగొస్తుంది.

ఇక రెండో ప్రశ్న. ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో, కొలరాడోలోని వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే ఇద్దరు టీచర్లు. ఆటల పోటీలకు వెళ్లి క్లాసులు పోగొట్టుకునే పిల్లల కోసం 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. అయితే వాళ్లు చెప్పేది కెమిస్ట్రీ. అక్కడ వివరణ అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే, మోల్ అంటే ఏంటో తెలిస్తే లెక్క చేయొచ్చు. మనకు అలా కుదరదు. డాటివ్ గురించి తెలుగులో గంటసేపు చెప్పగలిగినవాడు కూడా నోరు తెరిస్తే ‘ఇన్ డీ క్యుషె’ అనే అంటాడు. మీ వీడియోలు బాగుంటాయని నమ్ముతాను (వంటింటి గుమ్మం నేను కాపీ కొడుతున్నా, ముందే చెప్తున్నా). కానీ ఇంటికి పంపేదాంట్లో గ్రామర్ వీడియో పావు వంతుంటే చాలు.

మిగతా ముప్పావు వంతు వినడానికి, చదవడానికి, కొత్త మాటలకు. ముఖ్యంగా వినడానికి. క్లాసులో పద్దెనిమిది మందికీ ఒకే ఆడియో ఒకే వేగంతో వినిపిస్తే, ఒకరికి రెండోసారికే పట్టుబడుతుంది, ఇంకొకరికి ఆరోసారికి. ఇంట్లో అయితే ఎవరికి కావాల్సిన చోట వాళ్లు ఆపుకుంటారు. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ల వీడియో సిరీస్ ‘నికోస్ వేగ్’ ఉచితంగానే దొరుకుతుంది, ఏ1 నుంచి బీ1 దాకా అన్నీ చిన్న ఎపిసోడ్లే. నికో అనే కుర్రాడు స్పెయిన్ నుంచి జర్మనీకి వచ్చీరాగానే బ్యాగు పోగొట్టుకుంటాడు, అక్కడ మొదలవుతుంది. నేను ఒక ఎపిసోడ్ పంపి ‘తర్వాత ఏమవుతుందో ఊహించి రండి’ అంటాను. ఆ ఊహల మీద క్లాసులో గొడవ పడతారు, వచ్చిన జర్మన్‌లోనే.

క్లాసులో పని ఎలా ఉండాలంటే, ఇంటి దగ్గర ఏమీ చూడనివాళ్లు నెట్టుకురాలేనట్టు ఉండాలి. మీ ప్రిపోజిషన్లకే నేను చేసేది చెప్తాను. ఇద్దరిద్దరు వీపులు ఆనించి కూర్చుంటారు. ఒకరి చేతిలో ఆస్పత్రి గది బొమ్మ: మంచం, పక్కన చిన్న బల్ల, బల్ల మీద నీళ్ల సీసా, మంచం కింద చెప్పులు, కిటికీ పక్కన వీల్‌చెయిర్. రెండోవాళ్ల దగ్గర మంచం, బల్ల మాత్రమే ఉన్న గది, మిగతా వస్తువులు కత్తిరించిన కాగితం ముక్కలుగా. ‘సీసా ఎక్కడ పెట్టను?’ అని వీళ్లు అడగాలి, ‘బల్ల మీద పెట్టు’ అని వాళ్లు చెప్పాలి. అదంతా అక్కుజాటివ్. అన్నీ పెట్టాక ఇంకా వెనక్కి తిరగకుండానే ‘సీసా బల్ల మీద ఉంది, చెప్పులు మంచం కింద ఉన్నాయి’ అని అప్పజెప్పాలి. అదంతా డాటివ్. తర్వాత తిరిగి రెండు బొమ్మలూ పోల్చుకుంటారు. చెప్పులు మంచం ఎక్కాయంటే ఎక్కడ తప్పారో వాళ్లకే తెలుస్తుంది, నేను ఎర్ర ఇంకు తీయక్కర్లేదు. మీ ముప్పావు గంట లెక్కే వేసుకోండి, జంటలుగా చేస్తే తలా ఇరవై నిమిషాలు నోరు ఆడుతుంది. తయారవ్వకుండా వచ్చినవాళ్లను కోప్పడే పని కూడా నాకు ఉండదు, జంటలో రెండోమనిషి చూసుకుంటుంది.

‘మొత్తం అర్థం కాలేదు’ బ్యాచ్‌కు: వీడియోతో పాటు రెండు ప్రశ్నలు పంపండి. ఒకటి, ఈ గ్రామర్‌తో మీ వార్డు గురించి ఒక సొంత వాక్యం. రెండు, వీడియోలో ఎక్కడ ఆగిపోయారో ఒక్క ముక్క. ‘మొత్తం’ అని రాయడానికి వీల్లేదు. పొద్దున టీ తాగుతూ అవి చదివి, అందులో మూడు తప్పు వాక్యాలు పేర్లు లేకుండా బోర్డు మీద రాసి క్లాసు మొదలుపెడతాను. ఆ రోజు ఏం చెప్పాలో వాళ్ల జవాబులే చెప్తాయి.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990లలోనే విద్యార్థులను ముందు చదివి రమ్మని, క్లాసులో ప్రశ్న వేసి పక్కవాళ్లతో వాదించుకోమనేవారు. అప్పటికి యూట్యూబ్ పుట్టనే లేదు. కాబట్టి వీడియో చేయడానికి టైం లేని రోజు ఒక పేజీ జిరాక్స్ ఇచ్చినా ఫ్లిప్డ్ క్లాసే. ఎవరు ఎంతసేపు చూశారో లెక్క చూపించే ఎడ్‌పజిల్ లాంటివి నేను వాడి మానేశాను. వీడియో ఒకపక్క నడుస్తుంటుంది, మనిషి ఇంకోపక్క బట్టలు ఉతుక్కుంటుంటుంది.


జవాబు: కతకానా (హైదరాబాద్)

సార్ చెప్పినవి బాగున్నాయి, ఒక్కచోట నేను అడ్డం పడతాను. ఏ1 కొత్త బ్యాచ్‌కు ఉచ్చారణ మాత్రం ఇంటికి పంపకండి. నేను జపనీస్ చెప్తాను. హిరాగానా, కతకానా అని లిపులు, ఒక్కోదాంట్లో మూలాక్షరాలు నలభై ఆరు. అవి ఇంటి దగ్గర దిద్దుకుని రమ్మంటే హాయిగా వస్తారు. శబ్దం దగ్గర ఆ పప్పులు ఉడకవు. జర్మన్ నేనూ కొంత చదివాను కాబట్టి చెప్తున్నా, మీ ‘క్యుషె’లో మొదటి అచ్చు అసలు తెలుగులో లేదు. నాలుక ‘ఇ’ అనేటప్పుడు ఉన్నచోటే ఉండాలి, పెదవులు ‘ఉ’కి చుట్టినట్టు చుట్టాలి. వీడియో చూసి నేర్చుకున్నవాళ్లు ‘కుషె’ అనో ‘కిషె’ అనో వస్తారు, సరిగ్గానే అంటున్నామని గట్టి నమ్మకంతో. ఎదురుగా కూర్చుని పెదవులు చూసి దిద్దాల్సిందే.

ఇంకోటి. మాకు జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు. క్లాసులో మాట్లాడిస్తే ‘సార్, ఇది ఎగ్జామ్‌కు రాదు కదా’ అంటారు. మీకు ఆ బాధ లేదు, మీ పరీక్ష మీ పక్షానే ఉంది. ఆ నాన్నగారికి అదే చూపించండి.


జవాబు: లైప్‌జిగ్ సిస్టర్

మేడం, నమస్తే. మాది గుంటూరు. బీ1 దాకా అక్కడే ఒక సెంటర్లో చదివాను, ఇప్పుడు లైప్‌జిగ్‌లో ఆస్పత్రిలో పని చేస్తున్నాను. చదువుకున్నదాని వైపు నుంచి నాలుగు మాటలు చెప్తాను.

మాకూ వీడియోలు ఇచ్చేవారు, ఒక్కోటి ఇరవై ఐదు నిమిషాలు. ఎవరూ చూసేవాళ్లు కాదు. హాస్టల్లో వైఫై ఉన్నా లేనట్టే, ఫోన్ డేటా రాత్రి అయ్యేసరికి అయిపోయేది. ప్రతి వీడియోకు ఆడియో ఫైలు కూడా పెట్టండి. నేను చదివిందంతా దాదాపు బస్సులోనే, చెవుల్లో పెట్టుకుని. ఇంకా ముఖ్యమైంది, ‘రేపటికి చూసి రండి’ అనొద్దు. డ్యూటీ రోస్టర్ ఒకరిది ఒకలా ఉంటుంది. వారానికి సరిపడా అన్నీ ఆదివారమే ఇచ్చేస్తే ఎవరికి ఆఫ్ ఉన్న రోజు వాళ్లు చూసుకుంటారు. చూడటం లేదంటే బద్ధకం అనుకుంటారు గానీ, చాలాసార్లు టైం కుదరకే.

మాట్లాడే క్లాసంటే నాకు చచ్చేంత టెన్షన్. నిజానికి బోర్డు క్లాసే ఇష్టం, అందులో దాక్కోవచ్చు కదా. స్కూలు నుంచి నర్సింగ్ దాకా నోట్సు రాసుకుని పాసైనవాళ్లం. ఒక్కసారిగా ‘ఇంటి దగ్గర నేర్చుకో, ఇక్కడ మాట్లాడు’ అంటే మమ్మల్ని వదిలేశారనే అనిపిస్తుంది. ఆ అమ్మాయి ఇంటికెళ్లి నాన్నతో చెప్పింది కూడా అదే అయ్యుంటుంది. మొదటిరోజే పరీక్ష సంగతి చెప్పండి. గోథె సంస్థ పెట్టే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు మాడ్యూళ్లు. ఒక్కోదాంట్లో వందకు అరవై రావాలి. చదవడంలో తొంభై ఐదు వచ్చి మాట్లాడటంలో యాభై ఐదు వస్తే ఆ మాడ్యూల్ పోయినట్టే, మళ్లీ ఫీజు కట్టుకోవాలి. మార్కుల లెక్కలో చెప్తే మనవాళ్లకు వెంటనే ఎక్కుతుంది.

మా సెంటర్లో మాట్లాడే మాడ్యూల్‌కు కూడా బట్టీయే పట్టించారు. ప్రజెంటేషన్లు రాసిచ్చి కంఠస్థం చేయించారు. పరీక్షలో పిల్లలకు మొబైల్ ఇవ్వొచ్చా అనే టాపిక్ వచ్చింది, గడగడా అప్పజెప్పేశాను. తర్వాత జంటలో ఉన్నవాళ్లు ఒక ప్రశ్న అడగాలి కదా, ‘మరి మీ ఇంట్లో ఎలా?’ అని అడిగింది. అంతే. మా ఇల్లు గురించి నాకు జర్మన్‌లో ఒక్క ముక్క రాలేదు. ఎలాగో గట్టెక్కాను గానీ ఆ నిశ్శబ్దం ఇంకా గుర్తుంది.

ఇక్కడ పనిలో అన్నిటికంటే కష్టం యూబర్‌గాబె, షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల గురించి చెప్పే అప్పగింత. వార్డు మొత్తం గబగబా చెప్పేస్తారు, సగం వాక్యాలు, సగం పొట్టి అక్షరాలు. మనకు ఆర్‌ఆర్ అంటే రెస్పిరేటరీ రేట్. వీళ్లకు ఆర్‌ఆర్ అంటే బీపీ! బీపీ కొలిచే పరికరం చేసిన ఇటలీ డాక్టర్ రివా-రోచ్చి పేరు మీద వచ్చిందట. ‘ఆర్‌ఆర్ నూట నలభై’ అని మొదటిసారి విన్నప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఇలాంటివి వినడానికి ఇంటికి పంపి, క్లాసులో ఒకరిని నైట్ సిస్టర్‌గా, ఒకరిని డే సిస్టర్‌గా పెట్టి అప్పగింత చేయించండి మేడం. మీవాళ్లకు ఆ పని తెలుసు, భాషే కొత్త. కాబట్టి నోరు త్వరగా వస్తుంది.


జవాబు: డాలస్ పంతులమ్మ

మాది తిరగేసిన కథ. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఆదివారాలు తెలుగు చెప్తాను, వాళ్లకు తెలుగే దాదాపు పరాయి భాష. వారానికి ఒక్క క్లాసు కాబట్టి ఫ్లిప్ చేయక తప్పదు. వీడియోలు పంపి చూశాను, లాభం లేకపోయింది. ఇప్పుడు ఒక ప్రశ్న పంపుతాను: ‘మీ అమ్మమ్మకు ఫోన్ చేసి, చిన్నప్పుడు బడికి ఎలా వెళ్లేదో అడిగి రా.’ జవాబు తెచ్చుకోకపోతే క్లాసులో చెప్పడానికి ఏమీ ఉండదు. పోయిన వారం ఒక పిల్లాడు ‘పడవలో’ అన్నాడు, కోనసీమ అమ్మమ్మ. మిగతావాళ్లు వాడిని ప్రశ్నలతో కుమ్మేశారు. ఇంటిపని అంటే చూసేదే కానక్కర్లేదు, అడిగి తెచ్చుకునేది కూడా కావచ్చు.


ప్రశ్న వేసినవారు: హనుమకొండ జర్మన్ టీచర్

అందరికీ చాలా థ్యాంక్స్. కొన్ని వారాలు నడిపి చూశాక రాస్తున్నాను.

అన్నిటికంటే బాగా పనిచేసింది సిస్టర్ చెప్పిన ఆదివారం ప్యాకెట్. నాకు తట్టనే లేదు. ఇప్పుడు చూడకుండా వచ్చేవాళ్లు రోజుకు నలుగురైదుగురే, వాళ్లు కూడా రోజూ ఒకరే కాదు. వెనక బెంచీకి ఎవరూ పంపకుండానే వెళ్లి కూర్చుంటున్నారు. కాగితం ముక్కల ఆటకు మావాళ్లు ఒక పేషెంటును కూడా చేర్చారు, మొదటి రౌండ్‌లోనే ఆయన్ని మంచం కింద పడుకోబెట్టారు. ఉచ్చారణ మాట నిజమే, ఏ1 టీచర్‌కు కూడా చెప్పాను.

నాన్నగారిని క్లాసుకే రమ్మన్నాను. నర్సంపేట నుంచి వచ్చి వెనక కూర్చున్నారు. మార్కుల లెక్క చెప్తే బుద్ధిగా తలూపారు. తర్వాత ఆయన కూతురు జంటతో కలిసి యూబర్‌గాబె చేసింది, తడుముకుంటూనే గానీ ఆపకుండా. వెళ్లేముందు నాతో, ‘అంత మంచిగనే ఉంది మేడం, వీడియోలల్ల మాత్రం మీరు తెలుగే మాట్లాడుతున్నరేంది?’ అన్నారు. నిజం చెప్పాలంటే బీ1 వీడియోల గురించి అది ఆలోచించాల్సిన ప్రశ్నే.

కొత్త తలనొప్పి ఒకటి. రెండు ప్రశ్నలకు జవాబులు చాట్‌జీపీటీతో రాయించి పంపుతున్నారు. నిన్నటిదాకా ‘ఇష్ హాబె’ (నా దగ్గర ఉంది) దగ్గర ఆగిపోయిన అమ్మాయి ‘అలా జరిగితే బాగుండు’ లాంటివి చెప్పే కొంయుంక్టివ్‌లో వాక్యం రాస్తే తెలిసిపోదా?


సుద్దముక్క:

వాయిస్ నోట్ అడగండి, ముప్పై సెకన్లు. ఎవరితో రాయించుకుని చదివినా కనీసం నోరు తిరుగుతుంది. వినడానికి టైం ఎక్కడిదంటారేమో, పద్దెనిమిది మందివి కలిపి తొమ్మిది నిమిషాలు, ఒకటిన్నర వేగంతో వింటే ఆరు. నా టీ అంతసేపు పడుతుంది. ఇంకో సంగతి, క్లాసులో ఆ వాక్యం మీదే ఒక ప్రశ్న వేస్తారని తెలిస్తే తమకు రాని వాక్యం పంపడం వాళ్లే మానేస్తారు.


హనుమకొండ జర్మన్ టీచర్:

రేపట్నుంచి అదే చేస్తాను సార్. సిస్టర్, మీ వార్డులో జరిగే అప్పగింత ఒకటి రికార్డు చేసి పంపగలరా? పుస్తకంతో వచ్చే ఆడియోలు మరీ నిదానంగా, శుభ్రంగా ఉన్నాయి.


లైప్‌జిగ్ సిస్టర్:

అసలుది పంపలేను మేడం. పేషెంట్ల వివరాలు బయటపెడితే ఇక్కడ ఉద్యోగం పోవడమే కాదు, నేరం కూడా. మా వార్డులో ఒక సీనియర్ సిస్టర్‌ను అడిగాను, లేని పేషెంట్లను ముగ్గురిని కల్పించి చెప్తానంది. కాకపోతే ఆవిడది ఈ ప్రాంతపు శాక్సనీ యాస, ‘ట’ అన్నా ‘డ’ లాగే, ‘క’ అన్నా ‘గ’ లాగే వినిపిస్తుంది. వచ్చిన కొత్తలో ఆవిడ మాట్లాడుతుంటే నేను ఊరికే తలూపేదాన్ని. అందుకని అదే అప్పగింత నేను మామూలు జర్మన్‌లో ఇంకోసారి చెప్పి రికార్డు చేస్తాను. మొదట నాది పంపండి, ఆవిడది తర్వాతి వారం ప్యాకెట్‌లో పెట్టండి. ఆర్‌ఆర్ సంగతి మాత్రం ముందే చెప్పకండి, ఎవరు పట్టుకుంటారో చూద్దాం.